తేదీ తెలియకుండా హార్మోన్ ఇంజెక్షన్ వేయించకండి

"డాక్టరమ్మా, గేదె ఎదకు రావడం లేదు, ఏదో ఒక ఇంజెక్షన్ వేసిపోండి." నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఇలాగే మొదలవుతాయి. నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: చివరిసారి ఎద ఎప్పుడు చూశారు? అక్కడ మాట తడబడుతుంది. "మొన్నామధ్య వచ్చినట్టుంది" అంటారు. మొన్నామధ్య అన్న తేదీని పట్టుకుని ఏ మందూ వేయలేం.

హార్మోన్ ఇంజెక్షన్ తనంతట తాను ఎదను పుట్టించదు. ఆ రోజు అండాశయంలో ఏముందో దాని మీదే పని చేస్తుంది. ఒకే మందును ఎద అయిన మూడో రోజున వేస్తే ఏమీ జరగదు. పదో రోజున వేస్తే మూడు నాలుగు రోజుల్లో ఎదకు వస్తుంది. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది. మందు అదే, మోతాదూ అదే, తేడా అంతా తేదీలో ఉంది. అందుకే సీసా సంగతి తర్వాత చూద్దాం, ముందు క్యాలెండర్ నేర్పుతాను.

లోపల జరిగేది

ఆవుకైనా గేదెకైనా ఎద చక్రం సగటున 21 రోజులు. 18 నుంచి 24 మధ్య ఎంత ఉన్నా మామూలే. ఎదలో ఉన్న రోజును సున్నా అనుకుని లెక్క మొదలుపెడతాం.

ఆ రోజుకు అండాశయంలో ఒక ఫాలికిల్ బాగా పెరిగి ఉంటుంది. అండం ఉండే నీటి బుడగ అది. ఆవులో 15–20 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అది వదిలే ఈస్ట్రోజన్ వల్లే పశువు అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, మానం (యోని ద్వారం) ఉబ్బుతుంది, తీగలు వేస్తుంది, అంటే అక్కడి నుంచి సాగే జిగురు కారుతుంది. ఈస్ట్రోజన్ ఒక స్థాయి దాటగానే మెదడులోని హైపోథాలమస్ జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోన్‌ను పెద్దమొత్తంలో వదులుతుంది. దాంతో పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్.హెచ్. అనే ఇంకో హార్మోన్ ఒక్కపెట్టున వస్తుంది. అది వచ్చిన 24–30 గంటలకు ఫాలికిల్ పగిలి అండం విడుదలవుతుంది.

అండం పోయిన చోట కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథి తయారవుతుంది. మా పనిలో అందరం సి.ఎల్. అంటాం. దీని పని ప్రొజెస్టిరోన్ తయారు చేయడం. ప్రొజెస్టిరోన్ ఉన్నంతకాలం బండికి బ్రేకు వేసి ఉంచినట్టే. ఫాలికిళ్లు రెండు మూడు విడతలుగా పెరుగుతూ, అణిగిపోతూ ఉంటాయి, కానీ ఏదీ పగలదు, పశువు ఎదకు రాదు. చూడి నిలవాలన్నా ఈ ప్రొజెస్టిరోనే కావాలి.

16వ రోజు దగ్గరపడేసరికి లోపల పిండం ఉందో లేదో తేలిపోవాలి. పిండం ఉంటే ఇంటర్‌ఫెరాన్ టావ్ అనే ప్రొటీన్ వదిలి గర్భాశయానికి కబురు చేస్తుంది. కబురు అందకపోతే గర్భాశయం ప్రొస్టాగ్లాండిన్ విడుదల చేసి సి.ఎల్.ను కరిగించేస్తుంది. ఈ ప్రొస్టాగ్లాండిన్ రక్తంలో పడి ఊపిరితిత్తుల దాకా వెళ్తే ఒక్క చుట్టులోనే చాలామటుకు నాశనమైపోతుంది. అందుకని గర్భాశయ సిర మీద మెలికలు తిరిగి ఆనుకుని ఉన్న అండాశయ ధమనిలోకి నేరుగా ఇంకుతుంది. ఎన్నేళ్లు చదివినా నాకు ఈ అడ్డదారి ముచ్చటగానే ఉంటుంది. సి.ఎల్. కరిగాక ప్రొజెస్టిరోన్ పడిపోతుంది, ఆ సమయానికి పెరుగుతున్న ఫాలికిల్ పండుతుంది, మళ్లీ ఎద.

ఇంతవరకు అర్థమైతే కింద చెప్పేదంతా మీరే ఊహించగలరు.

ఎదను పట్టుకోవడం, రాసుకోవడం

ఆవులో నమ్మదగిన గుర్తు ఒక్కటే: ఇంకో పశువు తన మీదికెక్కితే కదలకుండా నిలబడటం. తాను వేరే పశువు మీదికెక్కడం ఎదకు ముందూ ఉంటుంది, తర్వాతా ఉంటుంది. పాలు తగ్గడం, అరవడం, మాటిమాటికి మూత్రం పోయడం అనుమానానికి పనికొస్తాయి, అంతకుమించి కాదు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, మేత వేసే వేళా పాలు పితికే వేళా కాకుండా, కనీసం ఇరవై నిమిషాలు పశువుల దగ్గర ఊరికే నిలబడి చూడండి. పని చేసుకుంటూ చూసేది చూడటం కిందికి రాదు.

గేదెల దగ్గర ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. ఒకదాని మీదికొకటి ఎక్కడం వాటిలో తక్కువ. ఎద చాలాసార్లు రాత్రిపూటే వస్తుంది. తీగ వేలాడదు, పడుకున్నప్పుడు కాస్త జారి నేల మీద పడుతుంది. అందుకే తెల్లవారుజామున పేడ తీయకముందే, గేదె పడుకున్న చోట వెనకవైపు నేల చూడండి. మానం పెదవులు విడదీస్తే లోపల ఎర్రగా, తడిగా ఉంటుంది. పాలు పితికే వేళ కాకపోయినా చన్నులు బిగుసుకుంటాయి. ఎండలు మండే రోజుల్లో ఈ గుర్తులూ మసకబారి మూగ ఎదగా మిగులుతాయి. పగలు చల్లటి నీడ, నీళ్లు ఉంటే చాలా గేదెలు తిరిగి గుర్తులు చూపిస్తాయి. అలాంటి చోట ఇంజెక్షన్ కంటే నీడే ముందు పెట్టాల్సిన ఖర్చు.

తీగ రంగు కూడా చూడాలి. అద్దంలా తేటగా, తెగకుండా సాగితే మంచిది. పెరుగు తునకల్లాంటివి, చీము ఛాయ కనిపిస్తే గర్భాశయంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్టు. ఆ ఎదలో సెమెన్ (కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం) వేయించకుండా వైద్యం చేయించి, తర్వాతి ఎద కోసం ఆగండి.

ఎద అయిపోయిన రెండు రోజులకు కొన్ని ఆవుల్లో, ముఖ్యంగా పెయ్యల్లో, కొంచెం రక్తం కనిపిస్తుంది. దీన్ని చూసి "చూడి పోయింది" అని కంగారు పడేవాళ్లున్నారు, "చూడి కట్టింది" అని సంతోషించేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఈస్ట్రోజన్ పడిపోయినప్పుడు గర్భాశయపు లోపలి పొరలోని సన్నటి నాళాలు చిట్లి వచ్చే రక్తం అది. ఆ రోజు సెమెన్ వేయించినా లాభం లేదు, అండం ఎప్పుడో విడుదలైపోయింది. కానీ మీకు దొరికిన తేదీ మాత్రం బంగారం. రెండు రోజులు వెనక్కి లెక్కేసి ఎద తేదీగా రాసుకుని, అక్కడి నుంచి 18వ రోజు మొదలు కాపలా కాయండి.

రాసుకునేది కూడా చిన్నదే: ఏ పశువు, తేదీ, పొద్దునా సాయంత్రమా, ఏ గుర్తు చూశారు, సెమెన్ వేయించారా లేదా. వేయించకపోయినా రాయాలి. ఈ చివరి మాటనే ఎవరూ పాటించరు.

సెమెన్ ఏ వేళకు

పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున. ట్రింబర్గర్ అనే పరిశోధకుడు 1948లో ప్రచురించిన పరిశీలనల నుంచి వచ్చిన ఈ సూత్రం ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. కారణం తేలిక. ఆవులో అండం విడుదలయ్యేది ఎద మొదలైన దాదాపు 28–30 గంటలకు, అంటే ఎద గుర్తులు ఆగిపోయాక. అండానికి ఫలదీకరణ శక్తి 6 నుంచి 12 గంటలే ఉంటుంది. వీర్యకణాలు ఒక రోజు పైచిలుకు బతుకుతాయి గానీ, లోపలికి చేరి పనికి సిద్ధం కావడానికి వాటికి కొన్ని గంటలు కావాలి. కాబట్టి అండం వచ్చేసరికి అవి అక్కడ కాచుకుని ఉండాలి. గేదెకూ ఇంచుమించు ఇదే లెక్క.

ఇందులో ఒక మెలిక ఉంది. మీరు చూసిన వేళ ఎద మొదలైన వేళ కాదు. ఉదయం ఆరింటికి చూసిన ఎద రాత్రి పదకొండింటికే మొదలై ఉండొచ్చు. సాయంత్రానికి సెమెన్ వేసేవాళ్లు దొరకరని తెలిస్తే మర్నాటికి వాయిదా వేయకండి, మధ్యాహ్నమే వేయించండి.

వేసే మనిషి చేతిని కూడా గమనించండి. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్న స్ట్రాను (సెమెన్ నింపిన సన్నటి గొట్టం) తీసి, 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి వాడాలి. చేత్తో రుద్ది వేడి చేసేవారిని, జేబులో పెట్టుకుని వచ్చేవారిని మర్యాదగానే వద్దనండి.

మళ్లీ ఎదకు వచ్చిన రోజు ఏం చెబుతుంది

తిరగపొర్లే పశువు, అంటే సెమెన్ వేయించినా చూడి కట్టకుండా మళ్లీ మళ్లీ ఎదకు వచ్చే పశువు గురించి వచ్చే ఫిర్యాదుల్లో నేను ముందు చూసేది రెండు ఎదల మధ్య రోజుల సంఖ్య. పరీక్ష చేయకముందే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

సెమెన్ వేయించాక 18–24 రోజుల్లో మళ్లీ ఎదకు వస్తే, అండం ఫలదీకరణ చెందలేదు, లేదా పిండం కబురు పంపే వయసుకు రాకముందే పోయింది. అంటే వేళ తప్పిందా, సెమెన్ బాగాలేదా, గర్భాశయంలో ఇన్ఫెక్షన్ ఉందా, అండం ఆలస్యంగా విడుదలవుతోందా అని వెతకాలి. ఎద చక్రం మాత్రం సక్రమంగా ఉంది కాబట్టి "ఎదకు తెచ్చే" ఇంజెక్షన్‌తో ఇక్కడ పని లేదు.

25–35 రోజులకు వస్తే కథ వేరు. పిండం కబురు పంపింది, సి.ఎల్. నిలిచింది, ఆ తర్వాత పిండం చనిపోయింది. ఇలా మందలో రెండు మూడు పశువులు వరసగా చేస్తే ఇన్ఫెక్షన్లకు పరీక్షలు చేయించాలి, ఎండ దెబ్బ, మేతలో బూజు లాంటివి కూడా చూడాలి.

40–45 రోజులకు వస్తే చాలాసార్లు పశువులో ఏ లోపమూ ఉండదు. మధ్యలో వచ్చిన ఎదను మీరు చూడలేదు, అంతే. ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుంది.

పది పన్నెండు రోజులకే వస్తే రెండిట్లో ఒకటి అసలు ఎద కాదు. సి.ఎల్. ఉండగా పెరిగే ఫాలికిల్ కూడా కొంచెం తీగ వేయిస్తుంది, దాన్ని చూసి సెమెన్ వేయించి ఉంటారు. వారానికోసారి, రోజుల తరబడి ఎద గుర్తులు చూపిస్తుంటే అండాశయంలో తిత్తి ఉందేమో స్కాన్‌లో చూడాలి.

ఇంకొకటి. చూడి పశువుల్లోనూ కొన్ని ఎద గుర్తులు చూపిస్తాయి. ఇంతకుముందు సెమెన్ వేయించిన పశువు నెలల తర్వాత ఎదకు వచ్చినట్టు కనిపిస్తే, చేయి పెట్టి లేదా స్కాన్‌లో చూడి పరీక్ష చేయించాకే మళ్లీ వేయించండి.

ఏ ఇంజెక్షన్ ఏ రోజున

ప్రొస్టాగ్లాండిన్ సి.ఎల్.ను కరిగిస్తుంది. ఎదకు తేవడంలో దానికి ఇంకో పని లేదు. సి.ఎల్. లేని పశువుకు అది దండగ. సి.ఎల్. ఉన్నా, మొదటి ఐదు రోజుల లేత సి.ఎల్. దానికి లొంగదు. ఆరో రోజు నుంచి పదహారో రోజు దాకా బాగా పనిచేస్తుంది. వేశాక రెండు నుంచి ఐదు రోజుల్లో ఎద వస్తుంది. ఒక్కో పశువు ఒక్కో రోజు రావడానికి కారణం మందు కాదు, ఆ వేళకు ఫాలికిల్ ఎంత పెరిగి ఉందన్నది.

తేదీలు తెలియని గుంపుకు 11 రోజుల తేడాతో రెండు ప్రొస్టాగ్లాండిన్లు వేసే పద్ధతి దీనిమీదే కట్టారు. మొదటి ఇంజెక్షన్ నాటికి మూడో రోజులో ఉన్న ఆవుకు ఏమీ కాదు, 11 రోజుల తర్వాత అది 14వ రోజులో ఉంటుంది. పదో రోజులో ఉన్నది మూడు రోజుల్లో ఎదకు వచ్చి, రెండో ఇంజెక్షన్ నాటికి ఎనిమిదో రోజులో ఉంటుంది. 18వ రోజులో ఉన్నది ఎలాగూ తనంతట తానే ఎదకు వస్తుంది, అదీ ఎనిమిదికే చేరుతుంది. రెండోసారి అన్నీ లొంగే రోజుల్లోనే దొరుకుతాయి. కాగితం మీద ఒకసారి వేసి చూసుకోండి, సరదాగా ఉంటుంది. ఎదలు తిరుగుతున్న పశువులకు మాత్రమే ఈ లెక్క సరిపోతుంది.

జి.ఎన్.ఆర్.హెచ్. ఇంజెక్షన్ పెద్ద ఫాలికిల్ ఉంటే దాన్ని పగిలేలా చేస్తుంది. ఈ హార్మోన్ నిర్మాణం 1971లో తేలింది. శాస్త్రవేత్తలు యాండ్రూ షాలీ పందుల మెదళ్లతో, రోజర్ గియమన్ గొర్రెల మెదళ్లతో, లక్షల సంఖ్యలో సేకరించి పోటాపోటీగా పనిచేశారు. 1977లో ఇద్దరూ నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఈ రెండు మందులను కలిపిందే 1995లో వచ్చిన ఓవ్‌సింక్: మొదటి రోజు జి.ఎన్.ఆర్.హెచ్., ఏడు రోజులకు ప్రొస్టాగ్లాండిన్, ఇంకో రెండు రోజులకు మళ్లీ జి.ఎన్.ఆర్.హెచ్., 16–20 గంటలకు సెమెన్. ఎద కనిపించినా కనిపించకపోయినా వేళకు వేయడమే దీని గొప్ప. మూగ ఎద గేదెల దగ్గర ఉపయోగం ఎక్కువ. కానీ మధ్యలో ఒక ఇంజెక్షన్ రోజు తప్పితే మొత్తం తప్పినట్టే.

ఇక్కడ కాస్త గట్టిగా చెబుతాను. ప్రొస్టాగ్లాండిన్ చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఆ సీసా ముట్టుకోకూడదు. మిగతావారు గ్లౌజులు వేసుకోవాలి, ఒంటి మీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. అలాగే చూడి చివరి నెలల్లో ఉన్న పశువుకు జ్వరమో వాపో వచ్చిందని డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ వేయనివ్వకండి. ఈనడం మొదలయ్యేదే కడుపులోని దూడ అడ్రినల్ గ్రంథి నుంచి పెరిగే కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌తో. బయటి నుంచి స్టెరాయిడ్ వేస్తే నెలలు నిండకుండానే ఈనుతుంది, మాయ కూడా నిలిచిపోతుంది. మందు ఎవరు రాసినా సరే, "ఇది చూడి పశువు, ఇన్నో నెల" అని ముందు మీరే చెప్పండి.

ఈనాక ఎదకు రాకపోతే

ఈనిన కొత్తలో పాలకు పోయే శక్తి మేతతో వచ్చేదాని కంటే ఎక్కువ. ఒళ్లు కరిగే ఈ రోజుల్లో మెదడు ఎల్.హెచ్.ను తగినంత వేగంగా వదలదు. పెద్ద ఫాలికిల్ పండాలంటే గంటకొకసారి చొప్పున ఎల్.హెచ్. రావాలి. అది లేక ఫాలికిళ్లు పెరిగి పెరిగి అణిగిపోతాయి. దూడ రోజంతా తల్లి దగ్గర కుడుస్తుంటే ఇది ఇంకా ఆలస్యమవుతుంది. ఇలాంటి పశువుకు సి.ఎల్. ఉండదు కాబట్టి ప్రొస్టాగ్లాండిన్ పనికిరాదు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న పశువుకు ముందు దాణా, ఖనిజ లవణ మిశ్రమం, నట్టల మందు. ఒళ్లు పట్టాక, వైద్యులు అవసరమనుకుంటే, యోనిలో ఏడెనిమిది రోజులు ఉంచే ప్రొజెస్టిరోన్ పరికరం.

ఎదను ఆపే ప్రొజెస్టిరోన్‌నే ఎదకు తేవడానికి ఎందుకు వాడతారని చాలామంది అడుగుతారు. ఈస్ట్రోజన్‌కు స్పందించి ఎద గుర్తులు చూపాలంటే మెదడుకు ముందు కొన్నాళ్లు ప్రొజెస్టిరోన్ తగిలి ఉండాలి. ఈనాక మొదటిసారి అండం విడుదలైనప్పుడు గుర్తులు చాలాసార్లు కనిపించకపోవడానికి కారణం ఇదే. పరికరం ఆ లోటు తీరుస్తుంది, తీసేయగానే బ్రేకు వదులుతుంది.

అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పశువు నిజంగా ఎదకు రావడం లేదా, మనం చూడటం లేదా? పది రోజుల తేడాతో రెండుసార్లు అండాశయం పరీక్షిస్తే తెలిసిపోతుంది. ఒక్కసారైనా సి.ఎల్. కనిపిస్తే, గర్భాశయంలో చీము గానీ చూడి గానీ లేకపోతే, చక్రం తిరుగుతోందన్నమాట. లోపం కాపలాలో ఉంది.

ఆవు లెక్క అన్నిటికీ వేయకండి

మేక చక్రం కూడా 21 రోజులే, గొర్రెది 17. కానీ మేకకు చూడి అయిదు నెలలూ సి.ఎల్. ఉండి తీరాలి. కాబట్టి ఏ నెలలో ప్రొస్టాగ్లాండిన్ వేసినా ఈసుకుపోతుంది. గొర్రెలో 50 రోజులు దాటాక మాయే ఆ బాధ్యత తీసుకుంటుంది. గొర్రెలకు ఖర్చు లేని హార్మోన్ వైద్యం ఒకటుంది. ఎద కాలం మొదలయ్యే ముందు పొట్టేలును చూపుకీ వాసనకీ అందకుండా నెల రోజులు దూరంగా ఉంచి, ఒక్కసారిగా మందలోకి వదలాలి. కొన్ని గంటల్లోనే ఎల్.హెచ్. పెరుగుతుంది. మొదటి అండం ఎద గుర్తులు లేకుండానే పోతుంది, రెండు మూడు వారాల తర్వాత ఎదలు కనిపిస్తాయి.

పందిలో ఎద రెండు మూడు రోజులుంటుంది, అందులో మూడింట రెండు వంతులు గడిచాక అండాలు విడుదలవుతాయి. నడుం మీద చేత్తో నొక్కితే కదలకుండా నిలబడటమే గుర్తు. మగపంది ఎదురుగా ఉంటే ఈ పరీక్ష ఇంకా బాగా కుదురుతుంది, దాని లాలాజలంలోని ఆండ్రోస్టెనోన్ వాసనే అందుకు కారణం. పంది సి.ఎల్. దాదాపు 12వ రోజు దాకా ప్రొస్టాగ్లాండిన్‌కు లొంగదు కాబట్టి ఆవుల్లో చేసే పద్ధతి ఇక్కడ నడవదు. గుర్రం ఎద అయిదు నుంచి ఏడు రోజులు సాగుతుంది. అండం చివరి ఒకటి రెండు రోజుల్లో, ఎద ఇంకా ఉండగానే, విడుదలవుతుంది. కుందేలు, పిల్లి, ఒంటె అయితే చక్రంతో పని లేకుండా జత కట్టాకే అండం వదులుతాయి. కుందేలులో అది 10–12 గంటల్లో జరిగిపోతుంది.

కుక్క దగ్గర అందరూ పొరపడేది రక్తం విషయంలో. కుక్కలో రక్తం వచ్చేది ఎదకు ముందు, ఆవులో తర్వాత. దాదాపు తొమ్మిది రోజుల రక్తస్రావం పలచబడ్డాకే అది మగకుక్కను రానిస్తుంది. విడుదలైన అండాలు కూడా పక్వానికి రావడానికి ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. ఈ వేళ పట్టుకోవడానికి రక్తంలో ప్రొజెస్టిరోన్ పరీక్ష చక్కగా పనికొస్తుంది. చూడి పరీక్షగా మాత్రం పనికిరాదు, ఎందుకంటే కుక్కలో చూడి ఉన్నా లేకపోయినా రెండు నెలలు ప్రొజెస్టిరోన్ ఒకేలా ఉంటుంది. పాలు కూడా చేపి, గూడు కట్టుకుని, కడుపులో ఏమీ లేని కుక్కలు అందుకే కనిపిస్తాయి. నెల దాటాక రిలాక్సిన్ అనే హార్మోన్ పరీక్ష గానీ స్కాన్ గానీ చేయించండి.